మా పిల్లలకు ఒక్క సెమిస్టరైనా విదేశీ చదువు వద్దా?

చందుర్తి, రుద్రంగి, కోనరావుపేట పల్లెల్లో పాస్‌పోర్టు లేని వాడ లేదు. కాని ఆ పాస్‌పోర్టు ఇన్నేండ్లు ఎక్కడికి పోయింది? దుబాయికి పోయింది, మస్కట్‌కు పోయింది, సౌదీకి పోయింది. ఏజెంటుకు కట్టిన పైసలకు మిత్తి కట్టుకుంట మా అయ్యలు అక్కడ సిమెంటు కలిపిన్రు, ఇటుకలు మోసిన్రు. మా వాడకు విదేశమంటే చాకిరే. చదువు కోసం విమానమెక్కుడు దొరల పిల్లల వంతు అనుకున్నం.

ఆ లెక్కను మా వాడ ఆడబిడ్డ ఒకతి తప్పించింది. తల్లి బీడీలు చేస్తది. తండ్రి గల్ఫ్‌ల పనిచేసి నడుము పోగొట్టుకుని వచ్చిండు. ఆ బిడ్డ హైదరాబాదులో ఎం.ఏ. చదువుతూ, రెండు విశ్వవిద్యాలయాల ఒప్పందం కింద ఒక సెమిస్టర్ జర్మనీలో చదివి వచ్చింది. పేరు రాయొద్దన్నది, రాస్తలేము. ఆమె చెప్పింది విని, నలుగురం కూర్చుని మాట్లాడుకుని ఈ నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నం.

మొదలు పైసల సంగతి. ఒప్పందం కింద పోయినవాళ్లకు అక్కడ ఫీజు లేదు. కాని బతికే ఖర్చుకు పైసలున్నయని చూపిస్తేనే వీసా. 2024 సెప్టెంబరు నుండి ఆ లెక్క నెలకు 992 యూరోలు. ఆరు నెలలకు మన రూపాయల్లో ఐదు లక్షలు దాటుతది. పట్టా భూమి ఉన్న ఆసామి కాగితం పెట్టి బ్యాంకుల అప్పు తెస్తడు. మా అసైన్డు చెలక కాగితానికి ఎవడిస్తడు? కాలేజీ సార్లు ఇద్దరు, బంధువులు, గల్ఫ్‌లో ఉన్న మేనమామ కలిసి పోగుచేస్తే ఆమె పోయింది. అందరికీ అట్లాంటి మేనమామ ఉంటడా?

ప్రభుత్వం ఇస్తది కదా అంటరు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నది. 20 లక్షల దాకా ఇస్తరు. మంచి పథకం, కాదనం. కాని అది అక్కడ పూర్తి పీజీ, పీహెచ్‌డీ చదివేవాళ్లకు. ఒక సెమిస్టర్‌కు పోయే బిడ్డకు అందులో చోటు లేదు. చోటున్నవాళ్లకు కూడా అక్కడ దిగినట్టు కాగితం చూపిస్తేనే మొదటి విడత పైసలు. దిగేదాకా ఎవరు పెట్టాలె? షావుకారి పెట్టాలె!

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి ఇంకొకటి. భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదివేవాళ్లకు అది వర్తించదని 2022లో నిబంధన పెట్టిన్రు. అంటే మా బతుకు మీద మేము బయటికి పోయి పరిశోధన చెయ్యొద్దన్నట్టే. 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చిన్రు. తక్కిన 66 మందికి నిధులుంటే చూస్తమన్నరు. ఎంపికైన బిడ్డ సంచి సర్దుకుని నిధుల కోసం ఎదురుచూడాల్నా?

ఇగ అక్కడి అనుభవం. మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. క్లాసుల ఏ బెంచీ మీద కూర్చున్నా ఎవరూ వింతగా చూడలేదు. భోజనశాలలో ప్రొఫెసర్ పళ్లెం పట్టుకుని ఆమె వెనకనే లైన్‌ల నిలబడ్డడు. రాత్రి దాకా లైబ్రరీ తెరిచే ఉండేది. ఆ బిడ్డ మొదటిసారి భయం లేకుంట ప్రశ్న అడిగింది. అట్లని అది స్వర్గమేమీ కాదు. ఫోన్‌ల గది ఉన్నదన్న ఇంటి ఓనరు ముఖం చూసినంక లేదన్నడు. అక్కడ రంగు అడ్డమొస్తది.

కాని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది మనవాళ్లే. చివరికి తెలుగు విద్యార్థులుండే ఇంట్ల గది దొరికితే మొదటి రాత్రే ఇంటిపేరు అడిగిన్రు. తర్వాత మీ ఊర్ల మీ ఇల్లు ఎటుదిక్కు అని అడిగిన్రు. మరుసటి వారం వంటింట్ల పెద్దకూర వండొద్దని కాగితం అంటించిన్రు. ఆమె వండనే లేదు! ఒకనాడు క్లాసుల కులం గురించి పాఠం వచ్చింది. ఇప్పుడు ఊర్లల్ల కులం లేదని ఆ ఇంటి పిల్లగాడే లేచి చెప్పిండు. ఆమె ఆ రోజు నోరు మెదపలేదు. వారం రోజులు నిద్రపట్టలేదు. మళ్ల క్లాసుకు పోయి, మన పల్లెల్లో వాడలు వేరు, బొందలగడ్డలు వేరు అని లేచి చెప్పింది. ఆ సెమిస్టర్‌ల ఆమె రాసిన అసలు పరీక్ష అదేనని మేమంటం.

ఇది ఒక్క జర్మనీ ముచ్చట కాదు. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అట్లాంటి బిల్లే ఆమోదిస్తే అక్టోబరులో గవర్నరు ఆపేసిండు. కులం అక్కడికి పోకుంటే ఈ చట్టాల అవసరం ఎందుకొచ్చింది?

బాబాసాహెబ్ బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిండు. అమెరికాలో, లండన్‌లో ఉన్న ఏండ్లలో తాను అంటరానివాడినన్న సంగతే మనసుల నుంచి చెరిగిపోయిందని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో చెప్పుకున్నడు. 1917లో తిరిగొచ్చి బరోడా కొలువుల చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంల పేరు మార్చుకుని ఉంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టిన్రు. అయినా ఆగిండా? సగంల ఆగిన చదువు పూర్తి చేయడానికి 1920లో మళ్ల లండన్ పోయిండు.

మా బిడ్డ తిరిగొచ్చినంక ఎవరూ కర్రలు పట్టలేదు. కాగితాలు పట్టిన్రు! అక్కడి మార్కులు ఇక్కడ లెక్కకు రావన్నరు. హాజరు లేదని స్కాలర్‌షిప్ ఆపిన్రు. పంపినోళ్లే మళ్ల ఆ సెమిస్టర్ రాయమన్నరు. ఉన్నోళ్ల పిల్లలకు ఆర్నెల్ల విదేశీ చదువు బయోడేటాల వన్నె తెస్తే, మా బిడ్డకు ఒక ఏడు వెనకబాటు తెచ్చింది.

ఆర్నెల్ల దానికి ఇంత కష్టమెందుకని మా పెద్దలే కొందరంటున్నరు. అవ్వా, అయ్యా, మీరు గల్ఫ్‌కు పోయినప్పుడు ఎవరూ అట్లనలేదు కదా! చాకిరికి దూరం లేదు గాని చదువుకు దూరమొచ్చిందా? కులం లేకుంట మనిషి బతకొచ్చని కండ్లార చూసిన బిడ్డ ఊర్ల తల వంచుకుని నడవదు. ఆ ఆర్నెల్ల విలువ అది.

అందుకే అడుగుతున్నం. విద్యానిధిని సెమిస్టర్ చదువులకూ వర్తింపజెయ్యాలె. టికెట్టు, వీసా, మొదటి విడత పైసలు బయలుదేరకముందే చేతికియ్యాలె. అక్కడి మార్కులు ఇక్కడ చెల్లుతయని పోకముందే రాసియ్యాలె. హాజరు పేరుతో స్కాలర్‌షిప్ ఆపొద్దు. 2022 నాటి నిబంధన ఎత్తెయ్యాలె.

ఇది దయ కాదు, మా వాటా. వాడవాడనా చదువుకునే పిల్లలున్నరు. వాళ్ల పాస్‌పోర్టు మీద పడే మొదటి ముద్ర చదువుది కావాలె.

జై భీమ్!