ఎంట్రీ లెవల్ డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? బాడీ దగ్గర తగ్గండి, లెన్స్ దగ్గర కాదు

కెమెరా కొనాలనుకునే వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "కెనాన్ 1500డి తీసుకోవాలా, 200డి మార్క్ 2 తీసుకోవాలా, లేక నికాన్ డీ3500 బెటరా?" వారం రోజులు యూట్యూబ్‌లో కంపారిజన్ వీడియోలు చూస్తారు. మెగాపిక్సెల్స్ లెక్కపెడతారు. చివరికి బడ్జెట్ మొత్తం బాడీకే పెట్టేసి, బాక్స్‌లో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో ఇంటికొస్తారు. రెండు నెలల తర్వాత కెమెరా బీరువాలో ఉంటుంది, ఫొటోలు మాత్రం ఫోన్‌తోనే తీస్తుంటారు.

తప్పు కెమెరాది కాదు. డబ్బు పెట్టిన చోటు సరైంది కాదు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: మొదటి డీఎస్ఎల్ఆర్ కొనేటప్పుడు బాడీ మీద వీలైనంత తగ్గించుకోండి, మిగిల్చిన డబ్బుతో ఒక మంచి ప్రైమ్ లెన్స్ కొనండి.

ఫోన్ ఫొటోనే బాగుందని ఎందుకనిపిస్తుంది?

ఇప్పటి ఫోన్ ఒక్క ఫొటో తీసినట్టు కనిపిస్తుంది గానీ, లోపల చాలా ఫ్రేములు తీసి, కలిపి, నాయిస్ తగ్గించి, నీడలు తేల్చి మనకి చూపిస్తుంది. ఎంట్రీ లెవల్ డీఎస్ఎల్ఆర్‌లో మామూలుగా ఈ హడావుడి ఉండదు. లెన్స్ ఎంత వెలుతురు ఇస్తే సెన్సర్ అంతే పట్టుకుంటుంది. సెన్సర్ పెద్దదే, కానీ దాని ముందున్న కిట్ లెన్స్ 55ఎంఎం దగ్గర ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది. పగలు బయట అయితే ఇబ్బంది లేదు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద పిల్లల పుట్టినరోజు ఫొటో తీసి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు 10 రెట్లు ఎక్కువ. తెల్లవారుజామున ముహూర్తం, మండపంలో వెలుతురు అంతంతమాత్రం, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. కిట్ లెన్స్‌తో 1/125 షట్టర్ స్పీడ్‌కి ఐఎస్ఓ 6400 కావాల్సి వచ్చిందనుకుందాం. అదే చోట ఎఫ్/1.8 లెన్స్‌కి ఐఎస్ఓ 640-800 సరిపోతుంది. ఎంట్రీ లెవల్‌లోనే ఇంకాస్త ఖరీదైన బాడీ కొన్నా ఇంత తేడా రాదు.

బాడీల్లో తేడా ఎంత?

1500డిలో 24.1 మెగాపిక్సెల్స్, 200డి మార్క్ 2లోనూ 24.1. డీ3500లో 24.2. మూడింట్లోనూ ఏపీఎస్-సీ సైజు సెన్సరే. స్టిల్ ఫొటో పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో చెప్పడం కష్టం. 200డి మార్క్ 2లో తిరిగే టచ్ స్క్రీన్, లైవ్ వ్యూలో చురుకైన డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉన్నాయి. వీడియోలు తీసేవాళ్లకి అవి నిజంగా పనికొస్తాయి. ఫొటోలే మీ పని అయితే అంత అదనం పెట్టక్కర్లేదు.

షాపువాళ్లు ఎక్కువగా చూపించేది డబుల్ కిట్, అంటే 18-55తో పాటు ఒక జూమ్ లెన్స్. ఆ జూమ్ పక్షులకీ, స్పోర్ట్స్‌కీ బాగుంటుంది. అదీ చీకట్లో తెరుచుకోదు కాబట్టి ఇంట్లో, ఫంక్షన్‌లో వాడటం కష్టం.

ఏ లెన్స్ తీసుకోవాలి?

కెనాన్‌కి 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. బాడీ ధరతో పోలిస్తే చాలా తక్కువకి వస్తుంది. ఒక మాట ముందే తెలుసుకోండి: 1.6 క్రాప్ వల్ల అది 80ఎంఎం లాగా పనిచేస్తుంది. చిన్న గదిలో అయితే గోడకి వీపు ఆనించి తీయాల్సిందే. గ్రూప్ ఫొటోలకి కిట్ లెన్స్ ఉంచుకోండి.

నికాన్‌కైతే నా ఓటు 35ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్‌కి. ఇక్కడ ఒక గోతి ఉంది. చవకగా దొరుకుతోంది కదా అని 50ఎంఎం ఎఫ్/1.8డి కొనేయకండి. డీ3500లో ఫోకస్ మోటర్ లేదు కాబట్టి ఆ లెన్స్‌తో ఆటోఫోకస్ రాదు. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉందో లేదో చూసుకోండి.

కెనాన్ వైపూ ఒక చిక్కుంది. 200డి మార్క్ 2 హాట్‌షూలో మధ్య పిన్ ఉండదు. ఆ పిన్ మీదే ఆధారపడే చవక ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు దాని మీద వెలగవు. స్టూడియో లైట్లు వాడే ఆలోచన ఉంటే షాపులోనే పెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్ తప్పు కాదు

డీఎస్ఎల్ఆర్ సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి భయపడక్కర్లేదు, చెక్ చేసుకుంటే చాలు. లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. వైజాగ్, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వాడిన లెన్స్‌లకి ఈ చెక్ తప్పనిసరి. ఎఫ్/16లో తెల్ల గోడని ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలుగా తేలుతుంది. షట్టర్ కౌంట్ కూడా అడగండి.

"మిర్రర్‌లెస్ కాలంలో ఇదెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. కొత్త డిజైన్లన్నీ మిర్రర్‌లెస్ వైపే వెళ్తున్నాయి, కొత్తగా కొనే బడ్జెట్ గట్టిగా ఉంటే అటే వెళ్లండి. కానీ అందరూ వదిలేస్తున్నారు కాబట్టే పాత డీఎస్ఎల్ఆర్‌లు అందుబాటు ధరకి దొరుకుతున్నాయి. పైగా రేపు మీరు కెనాన్ ఆర్ సిరీస్‌కి మారినా ఈఎఫ్ లెన్స్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తుంది. నికాన్ జడ్ బాడీల మీద ఏఎఫ్-ఎస్ లెన్స్‌కీ ఎఫ్‌టీజడ్ అడాప్టర్ ఉంది. బాడీ పాతబడుతుంది, లెన్స్ మీతో వస్తుంది.

కొన్నాక ఇలా వాడండి

ఆటో మోడ్‌ని ఒక నెల మర్చిపోండి. డయల్‌ని కెనాన్‌లో ఏవీ మీద, నికాన్‌లో ఏ మీద పెట్టండి. అపర్చర్ మీరు తిప్పండి, మిగతాది కెమెరా చూసుకుంటుంది. షట్టర్ స్పీడ్ మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. పిల్లలు కదులుతుంటే 1/125 కన్నా తగ్గనివ్వకండి, తగ్గితే ఐఎస్ఓ పెంచండి. మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని కంటి మీద పెట్టండి. 50ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.8లో పెట్టి ఒకటిన్నర మీటర్ దూరం నుంచి తీస్తే షార్ప్‌గా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. పక్కపక్కన ఇద్దరుంటే ఎఫ్/2.8కో, ఎఫ్/4కో వెళ్లండి. రా ఫార్మాట్‌లో తీయడం కూడా మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఇవన్నీ నాకెందుకు, నొక్కితే ఫొటో రావాలి అనుకుంటే నిర్మొహమాటంగా చెప్తున్నా, డీఎస్ఎల్ఆర్ కొనకండి. ఆ డబ్బుతో మంచి ఫోన్ తీసుకోండి, మీకే సుఖం.

ఇదంతా ముఖ్యంగా ఈఎంఐ మీద కెమెరా కొని, ఊళ్లో చిన్న చిన్న ఫంక్షన్ ఆర్డర్లు పట్టుకుందాం అనుకునే కుర్రాళ్ల కోసం చెప్తున్నా. మీ దగ్గర ఏ మోడల్ ఉందని ఆర్డర్ ఇచ్చేవాళ్లు అడగరు. పెళ్లికూతురి ముఖం స్పష్టంగా వచ్చిందా లేదా అనేదే చూస్తారు. నెలనెలా కట్టే కంతు బాడీ మీద రాసిన నంబర్ కోసం కాకుండా, ఆ ముఖం మీద పడే వెలుతురు కోసం కట్టండి.