కలిసి చదివే చదువు

విద్యార్థి పొందే జ్ఞానంలో నాలుగవ వంతు మాత్రమే గురువు వలన లభిస్తుందనీ, మరొక నాలుగవ వంతు సహాధ్యాయుల వలన కలుగుతుందనీ మన పూర్వులు విభజించి చెప్పారు. ఆ సహాధ్యాయుల వంతుకు నేటి తరగతి గదిలో చోటు తక్కువ. అధ్యాపకుడు చెబుతాడు, అరవైమంది వ్రాసుకొంటారు. ఎప్పుడైనా బృందకృత్యం పేరుతో ఆరుగురిని ఒకచోట కూర్చోబెట్టినా, చురుకైన ఒకరు వ్రాస్తారు. తక్కినవారు పేర్లు చేరుస్తారు. మార్కులు మాత్రం అందరికీ సమానం!

దీనిని విద్యార్థుల సోమరితనమనుకోవడం తొందరపాటు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత మోకు లాగించి చూశాడు. జట్టు పెద్దదైనకొద్దీ ఒక్కొక్కరి వంతు బలం తగ్గుతుందని 1913లో ప్రకటించాడు. ఎవరు ఎంత లాగారో తెలియనప్పుడు పట్టు సడలడం మానవ సహజం.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ సంతతి పిల్లలు ఒకే తరగతిలో చేరినప్పుడు ఘర్షణలు చెలరేగాయి. తరగతిలోని నిరంతరమైన పోటీయే ఆ వైరాన్ని పెంచుతున్నదని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్‌సన్ గ్రహించాడు. ఆయన సూచనపై పాఠాన్ని భాగాలు చేసి, బృందంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగమే ఇచ్చారు. ఒకే భాగం అందినవారు వేర్వేరు బృందాల నుండి వచ్చి ముందుగా చర్చించుకొని, పిదప తమ బృందానికి బోధించేవారు. పరీక్ష మాత్రం ఎవరికి వారికే, మొత్తం పాఠం మీద. ఇంగ్లీషు మాట్లాడడంలో తడబడే మెక్సికన్ సంతతి బాలుణ్ణి ఒక బృందంలో తోటివారు తొలుత ఎగతాళి చేశారు. అతని భాగం అతని నోట తప్ప మరెక్కడా దొరకదని తెలిశాక, ఓపికగా ప్రశ్నించి రాబట్టడం నేర్చుకొన్నారు. క్రమంగా అతడు వారికి మిత్రుడయ్యాడు.

పల్లె నుండి పట్టణ కళాశాలకు వచ్చి, వెనుక బల్లపై మౌనంగా కూర్చొనే విద్యార్థి మనకూ ఉన్నాడు. అతనికి కావలసింది జాలి కాదు. ఇతరులకు అవసరమైన ఒక పని. పద్యపాఠమే తీసుకొంటే, ఒకరికి సంధి సమాసాలు, ఒకరికి ప్రతిపదార్థం, ఒకరికి ఛందస్సు, ఒకరికి కథాసందర్భం అప్పగించవచ్చు. అయితే నాలుగు కాగితాలను కలిపి కుట్టి ఇస్తే అది పంపకమే గాని బృందకృత్యం కాదు. నలుగురూ ఒకరికొకరు చెప్పుకొన్న తరువాత, ఛందస్సుపై ప్రశ్నను కథాసందర్భం చదివినవారిని అడగాలి. అప్పుడు వినడం తప్పనిసరి అవుతుంది, చెప్పడం బాధ్యత అవుతుంది. (కంఠస్థం చేయవలసిన పద్యాన్ని మాత్రం ఎవరికి వారే చేయాలి, దానికి బృందమెందుకు?)

గోల పెరుగుతుందన్న భయం అధ్యాపకులకు సహజమే. కాని చదువు సాగేటప్పటి సందడి వేరు, కాలక్షేపపు గోల వేరు. చెవి పెడితే తేడా తెలుస్తుంది. బల్లలు కదలని గదిలో ముందువరుసవారు వెనుకకు తిరిగితే చాలు. అధ్యాపకుడు వేదిక దిగి బల్లల మధ్య తిరగాలి. అనర్గళంగా మాట్లాడేవారి వద్ద కాక, ఇంకా నోరు విప్పని విద్యార్థి వద్ద కాసేపు నిలవాలి.