లేని ట్యాంకు మీద ఉన్న సంతకం

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడే చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టకండి.

"సంతకమే కదా, పెట్టేయండి." ఈ మాట మన సంఘంలో ఈ మధ్య తరచూ వినబడుతోంది. నాకు ఈ మాట మీద కోపం. ఎందుకో మన హోసూరు సంగతులతో చెబితే ఎవరో ఒకరు "నన్నే అన్నాడు" అని మొహం తిప్పుకుంటారు. కాబట్టి అరవై ఏళ్ళ కిందటి అమెరికా కథ చెబుతాను. అక్కడ మనకు చుట్టాలూ లేరు, పగవాళ్ళూ లేరు.

టెక్సాస్ రాష్ట్రం పడమటి వైపు రీవ్స్ అని ఒక కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. కోర్టు, షెరీఫు, తనఖా రిజిస్టర్లు అన్నీ దాని ముఖ్యపట్టణంలోనే ఉంటాయి. ఆ పట్టణం పేరు పెకోస్. 1960లో జనాభా 12 వేల పైచిలుకు. వాన తక్కువ నేల. భూమిలోంచి నీళ్ళు తోడి పత్తి, కర్బూజా పండించేవాళ్ళు. తోడేకొద్దీ నీళ్ళు లోతుకు పోయాయి, ఖర్చు పెరిగింది. రైతుకు అప్పు పుట్టడం కష్టమైంది. మన బోర్ల కథ తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్ళో బిల్లీ సోల్ ఎస్టెస్ అనే వ్యాపారి పెద్దమనిషి. 1925లో పుట్టాడు. గ్యాసుతో నడిచే నీటి పంపులు అమ్మాడు, అమ్మోనియా ఎరువు అమ్మాడు, ప్రభుత్వ ధాన్యం నిలవ చేసే గోదాములు కట్టాడు. 1953లో, ఇంకా ముప్పై నిండకుండానే, దేశంలో పదిమంది ఉత్తమ యువకుల్లో ఒకడని బిరుదు వచ్చింది. తాగడు, సిగరెట్టు ముట్టడు, చర్చిలో ప్రసంగాలు చేస్తాడు. ఇంట్లో ఈతకొలను ఉంటే, అందులో ఆడా మగా కలిసి దిగకూడదని నియమం పెట్టాడు. ఇంత నిష్ఠగా ఉండే మనిషిని లెక్క అడిగేదెవరు?

ఎరువును అయినకాడికి అమ్మి పోటీవాళ్ళను దెబ్బతీశాడు. దాంతో న్యూయార్క్‌లోని కమర్షియల్ సాల్వెంట్స్ అనే సరఫరా కంపెనీకి 1958 నాటికి 5 లక్షల డాలర్లకు పైగా బాకీ పడ్డాడు. కంపెనీ ఏం చేసింది? బాకీ వసూలు చేయకుండా ఇంకా అప్పిచ్చింది. అతను ధాన్యం గోదాములు పెంచాలి, ప్రభుత్వం ఇచ్చే నిలవ బాడుగ కంపెనీకి జమ కావాలి, ఇదీ లెక్క. బాకీ పెద్దదైతే అప్పిచ్చినవాడే బాకీదారుణ్ణి కాపాడుకుంటూ తిరుగుతాడు. మన చిట్టీల వ్యవహారాల్లో ఇది చూడనివాళ్ళు ఎవరున్నారు!

ఇప్పుడు అసలు సంగతి. అమ్మోనియా ఎరువును ఉక్కు ట్యాంకుల్లో దాచాలి. ఎస్టెస్ రైతు దగ్గరికి వెళ్ళి ఇలా అడిగేవాడు: నాకు ట్యాంకులు కావాలి, నా పేరు మీద ఇక అప్పు పుట్టదు. నీ పేరు మీద వాయిదాల్లో కొను, తనఖా కాగితం మీద సంతకం పెట్టు. ఆ ట్యాంకుల్ని వెంటనే నేనే నీ దగ్గర బాడుగకు తీసుకుంటాను. బాడుగ సరిగ్గా నీ వాయిదా అంత ఉంటుంది. నీ చేతినుంచి పైసా పడదు. సంతకం పెట్టినందుకు ధరలో పదో వంతు ఇప్పుడే నీ చేతిలో పెడతాను.

రైతు ట్యాంకు చూడలేదు. చూడాల్సిన అవసరమూ కనబడలేదు. డబ్బు చేతికొచ్చింది.

ఆ తనఖా కాగితాలను ఎస్టెస్ పెద్ద నగరాల ఫైనాన్స్ కంపెనీలకు అప్పగించి 2 కోట్ల డాలర్లకు పైగా తెచ్చుకున్నాడు. కాగితాల మీద వేల ట్యాంకులు. నేల మీద వాటిలో చాలామటుకు లేవు. తనిఖీకి మనిషి వస్తే, ఉన్న కొన్ని ట్యాంకులకే నంబరు పలకలు మార్చి చూపించేవాళ్ళు. పొద్దున ఒక పొలంలో చూసిన ట్యాంకే మధ్యాహ్నం ఇంకో నంబరుతో ఎదురొచ్చినా, తనిఖీ చేసినవాడు పలక చదివాడు కానీ ట్యాంకును చదవలేదు.

ఎస్టెస్‌ను మహా మాయగాడు అనడం ఇక్కడ అలవాటు. నేను ఒప్పుకోను. ఇందులో మాయ ఏముంది? ఎవరి పొలంలో ట్యాంకు ఉందో లేదో ఆ పొలం గలవాడికి తెలియదా? ఎస్టెస్ ఒక్కడే ఒక్క ట్యాంకు కూడా పుట్టించలేడు. ప్రతి లేని ట్యాంకు వెనకా ఒక ఉన్న మనిషి సంతకం ఉంది. చెడ్డవాళ్ళు కాదు వాళ్ళు. పత్తి రైతులు, పొరుగువాళ్ళు, చర్చిలో పక్క వరుసలో కూర్చునేవాళ్ళు. అందరూ ఒకటే అనుకున్నారు: పెద్దమనిషి అడిగాడు, సంతకమే కదా.

ఇంకొకటి చూడండి. ఈ తనఖాలేవీ రహస్యం కాదు. అన్నీ కౌంటీ కోర్టు భవనంలో రిజిస్టరై ఉన్నాయి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విల్లంగం తీసి చూసినట్టు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఆ కౌంటీ పొలాలన్నిటికీ కావాల్సినదానికంటే ఎన్నో రెట్లు ట్యాంకులు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. కూడిక వచ్చినవాడు చాలు. ఏళ్ళ తరబడి ఒక్కడూ కూడలేదు.

చివరికి కూడింది ఎవరు? వారానికి రెండుసార్లు వచ్చే ఒక చిన్న ఊరి పత్రిక, పెకోస్ ఇండిపెండెంట్ అండ్ ఎంటర్‌ప్రైజ్. 1961లో ఎస్టెస్ స్కూలు బోర్డు ఎన్నికల్లో నిలబడితే ఆ పత్రిక వ్యతిరేకించింది, అతను ఓడిపోయాడు. కోపంతో దాన్ని మూయించడానికి సొంత దినపత్రికే పెట్టాడు. ప్రకటనలు అటు పోయాయి. అయినా పత్రిక యజమానుల్లో ఒకరైన డాక్టర్ జాన్ డన్ వివరాలు సేకరించడం ఆపలేదు. ఎడిటర్ ఆస్కార్ గ్రిఫిన్ 1962 ఫిబ్రవరి, మార్చిల్లో నాలుగు వ్యాసాలు రాశాడు. ఎస్టెస్ పేరు ఒక్కచోట కూడా రాయలేదు. తిట్టలేదు, బిరుదులివ్వలేదు. ట్యాంకుల వ్యవహారం ఎలా నడుస్తుందో, కాగితాల మీద ఎన్ని ఉన్నాయో రాశాడు, అంతే. మార్చి 29న ఎస్టెస్ అరెస్టయ్యాడు. మరుసటి ఏడు గ్రిఫిన్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ అధికారుల కొలువులూ పోయాయి. కొందరు డల్లాస్‌లో ఖరీదైన దుకాణానికి వెళ్ళి బట్టలు కొనుక్కుంటే ఎస్టెస్ బిల్లు కట్టాడని బయటపడింది. చొక్కా తొడిగించుకున్నవాడు లెక్క ఎలా అడుగుతాడు?

ఇక మన దగ్గరికి వస్తాను. కల్యాణ మంటపానికి జనరేటరు, వంట పాత్రలు, కుర్చీలు కొనాలని ఒక ప్రతిపాదన మీ అందరికీ వచ్చింది. సభ్యులు తలా ఒకరు తమ పేరు మీద లోను తీసుకోవాలట. వాయిదాలు దాత కడతారట. సామాను మంటపానికి నేరుగా వస్తుందట. "మీ చేతినుంచి పైసా పడదు" అనే మాట ఆ కాగితంలో ఉంది. చదివి ఉలిక్కిపడ్డాను. దాతగారి మనసు మీద నాకు అనుమానం లేదు. వారు ఎస్టెస్ అని నేను అనడం లేదు, ఆ మాట నా నోట పెట్టకండి. నా పోట్లాట కాగితంతో.

ప్రోనోటు చట్టం మనకు 1881 నుంచి ఉంది. నోటు నిజాయితీగా డబ్బిచ్చి కొనుక్కున్న మూడోవాడు వచ్చి అడిగితే, "నాకు సామాను ముట్టలేదు, ఫలానావారు కడతామన్నారు" అనే జవాబు సాధారణంగా నిలవదు. హామీ సంతకం సంగతీ అంతే. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే బాధ్యత. బ్యాంకు ముందు వారి దగ్గర అడిగి తర్వాత మీ దగ్గరికి రావాలని లేదు. నేరుగా మీ గడపకే రావచ్చు. సంతకం మాటసాయం కాదు, మీ కొడుకు చదువు డబ్బు. మీ కూతురి పెళ్ళి డబ్బు.

"ఇలాంటివి మనలో మనం సర్దుకోవాలి, బయట నలుగురికీ తెలిస్తే తెలుగోళ్ళ పరువేం కావాలి" అని ఒక పెద్దాయన రాశారు. వారంటే గౌరవం. కానీ ఊళ్ళో సర్దుకోవడం ఎంత దూరం పోతుందో కూడా ఆ ఎస్టెస్ కథలోనే ఉంది. అప్పట్లో అక్కడ పత్తి ఎన్ని ఎకరాల్లో వేయాలో ప్రభుత్వం కోటా పెట్టేది. కోటాను అమ్ముకోకూడదు. ప్రభుత్వం భూమి తీసుకున్న రైతు మాత్రం కొత్త పొలం కొని దానికి మార్చుకోవచ్చు. ఎస్టెస్ అలాంటి రైతులకు తన భూమి అమ్మినట్టు కాగితం రాయించి, కోటా మార్పించి, తానే కౌలుకు తీసుకుని, వాయిదా తప్పిందని భూమినీ కోటానూ కలిపి వెనక్కి లాక్కునేవాడు. ఇక్కడా అదే, సంతకమే కదా. ఈ మార్పులను విచారిస్తున్న హెన్రీ మార్షల్ అనే వ్యవసాయ శాఖ అధికారి 1961 జూన్ 3న రాబర్ట్‌సన్ కౌంటీలోని తన పొలంలో శవమై దొరికాడు. ఒంట్లో ఐదు తూటాలు. పక్కన అతని సొంత రైఫిలు, ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగితే తప్ప పేలని రకం. స్థానిక న్యాయాధికారి శవపరీక్ష కూడా లేకుండా ఆత్మహత్య అని రాసేశాడు. 1962లో ఎస్టెస్ వ్యవహారం బద్దలయ్యాక శవాన్ని తవ్వి తీసి పరీక్షించారు. అయినా ఆ మాట హత్య అని మారడానికి 1985 దాకా పట్టింది. ఎవరు చంపారో ఏ కోర్టులోనూ తేలలేదు. ఐదు తూటాల ఆత్మహత్యను ఇరవై నాలుగేళ్ళు మోసిన ఊరు అది. పరువు మిగిలిందంటారా?

ఇప్పుడు నా పక్షం వాళ్ళకు రెండు మాటలు. ముఖ్యంగా యువకులకు. ఆ ప్రతిపాదన రాసిన కమిటీ సభ్యుల ఫొటోలు గ్రూపులో పెట్టి కింద మాటలు రాస్తున్నారు. వెంటనే తీసేయండి. ఎస్టెస్ మీద టెక్సాస్ కేసును 500 మైళ్ళ దూరంలోని టైలర్ అనే ఊరికి మార్చి విచారించారు. విచారణకు ముందు జరిగిన వాదనలకు టీవీవాళ్ళు దిగారు. కోర్టు గది నేలంతా వైర్లు, జడ్జి బల్ల మీద మైకులు. జ్యూరీ దోషి అంది, ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. 1965 జూన్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ శిక్షను కొట్టేసింది. అలాంటి తమాషా మధ్య న్యాయమైన విచారణ జరగదంది. మెయిలు ద్వారా మోసం చేశాడన్న కేంద్ర ప్రభుత్వ కేసులో పడిన 15 ఏళ్ళ శిక్ష విడిగా ఉంది కాబట్టి జైల్లో ఉన్నాడు, 1971 దాకా. తీర్పు రాసిన జస్టిస్ టామ్ క్లార్క్ కూడా టెక్సాస్ వాడే. సొంత రాష్ట్రం మొహం చూడలేదు ఆయన. మీ ఫొటోలు రేపు అవతలివాళ్ళకే ఆయుధం అవుతాయి. గ్రిఫిన్ పేరు కూడా రాయకుండా గెలిచాడు, అది గుర్తుంచుకోండి.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో నేను మూడు విషయాలు అడగబోతున్నాను. వ్యక్తుల పేరు మీద లోను వద్దు, సంఘం పేరు మీదే, తీర్మానం రాసి తీసుకోవాలి. దాతగారు ఇవ్వదలచుకున్నది విరాళంగా ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. మూడోది, ఇప్పుడున్న సామాను పట్టిక సభ్యుల ముందు పెట్టాలి. పట్టికలో 600 కుర్చీలని ఉంది. పోయిన నెల పెళ్ళికి 200 బయటినుంచి బాడుగకు ఎందుకు తెచ్చారో నాకు తెలియదు, విరిగి ఉండొచ్చు, ఎవరింటికైనా పోయి ఉండొచ్చు. ఆదివారం పొద్దున ఎనిమిదికి మంటపం దగ్గర ఉంటాను. తాళాలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి, వారికి చెప్పాను, రమ్మన్నారు. వచ్చేవాళ్ళు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. టిఫిను నాది.