పర్సు లెక్క చెప్పనివారికి స్టేడియం ఇవ్వొద్దు

2019 అక్టోబరులో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ అప్పటి కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాశారు. ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండానే పంపడానికి బాక్సింగ్ సమాఖ్య సిద్ధపడుతోందని, తనకూ న్యాయంగా ఒక అవకాశం ఇప్పించమని అందులో కోరారు. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 1-9తో ఓడిపోయారు. ఆ ఓటమిని సంపాదించుకోవడానికే ఆమె అంత పోరాడాల్సి వచ్చింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2022 మే 19న, ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచారు.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి లేఖ ఏ చిరునామాకు రాయాలి? అక్కడ ఎవరి పేరు చెబితే ఎన్ని టికెట్లు తెగుతాయి, టీవీ వాళ్లు ఎంత ఇస్తారు, అందులో ఎవరి వాటా ఎంత అన్నవే జోడీలను కలుపుతాయి. ర్యాంకు తర్వాతి మాట. ఈ బేరం కుదరక ఆగిపోయిన పోటీల జాబితా, జరిగిన గొప్ప పోటీల జాబితా కంటే చిన్నదేమీ కాదు.

మేవెదర్, పకియావోల సంగతే చూడండి. 2009లో మాటలు మొదలయ్యాయి. రక్తపరీక్షల దగ్గర ఒకసారి, వాటాల దగ్గర ఇంకోసారి తెగిపోయాయి. చివరికి 60-40 పంపకంతో 2015 మే 2న లాస్‌వేగాస్‌లో తలపడేసరికి ఒకరికి 38 ఏళ్లు, మరొకరికి 36. ఒక్క అమెరికాలోనే 46 లక్షల మంది డబ్బు కట్టి టీవీలో చూశారు. ఆదాయం 40 కోట్ల డాలర్లు దాటింది. జనం చూడాలనుకున్న పోటీ మాత్రం అప్పటికి ఐదేళ్ల కిందటిది. ఫ్యూరీ, ఉసిక్‌ల కథ ఇంకా విచిత్రం. నాకు 70, నీకు 30 అని ఫ్యూరీ బహిరంగంగా పట్టుబడితే, తన దేశం ఉక్రెయిన్‌కు పది లక్షల పౌండ్లు విరాళమిస్తే సరేనని ఉసిక్ ఒప్పుకున్నాడు. అయినా 2023 మార్చిలో చర్చలు చెడిపోయాయి. ఈసారి గొడవ రీమ్యాచ్ వాటాల మీద!

బేరం కుదరకపోతే ప్రపంచ బెల్టులిచ్చే సంస్థలు ‘పర్సు బిడ్’ పిలుస్తాయి. పర్సు అంటే బాక్సర్లకిచ్చే సొమ్ము. సింగరేణి కాంట్రాక్టులు తెలిసిన మన కొత్తగూడేనికి సీల్డు టెండరు గురించి విడమరిచి చెప్పక్కర్లేదు, ఇదీ అదే పద్ధతి. కవర్లు విప్పుతారు, ఎక్కువ రాసిన ప్రమోటరుకు పోటీ దక్కుతుంది. 2022 జనవరిలో ఫ్యూరీ, డిలియన్ వైట్‌ల పోటీకి ఫ్రాంక్ వారెన్ 4 కోట్ల 10 లక్షల డాలర్లు రాసి గెలిచాడు. పది శాతం విజేత బోనస్‌కు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో ఫ్యూరీకి 80 శాతం, వైట్‌కు 20. కవరు పద్ధతిలో ఒక మంచి ఉంది, అంకె అందరికీ తెలుస్తుంది. కానీ అది ఎక్కువగా బెల్టుల తప్పనిసరి పోటీలకే వర్తిస్తుంది. మిగతా లోకమంతా గది తలుపు వెనకే.

ఆ గదిలో పోటీ పడినందుకే కాదు, పడనందుకూ డబ్బు ముడుతుంది. 1996లో టైసన్‌తో తలపడాల్సిన లెనాక్స్ లూయిస్, పక్కకు తప్పుకున్నందుకు 40 లక్షల డాలర్లు తీసుకున్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు రిడిక్ బో, ఇదే లూయిస్‌తో తలపడే బదులు తన ప్రపంచ బెల్టును లండన్‌లో చెత్తబుట్టలో పడేశాడు.

ఇవన్నీ కోటీశ్వరుల కథలు. కొత్తగూడేనికి పనికొచ్చే కథ చిన్న హాళ్లలో ఉంది. బ్రిటన్‌లో కొత్తగా ప్రొఫెషనల్ అయిన కుర్రాడికి ప్రమోటరు టికెట్ల కట్ట చేతిలో పెడతాడు. బంధువులకు, స్నేహితులకు, పనిచేసే చోటా అవి అమ్ముకోవాలి. ఆ డబ్బులోంచే ప్రత్యర్థి పర్సు, దారిఖర్చులు పోతాయి. మిగిలితే తనకు. సొంత డబ్బుతో తెచ్చుకునే ప్రత్యర్థి గట్టివాడు కావాలని ఎవరు కోరుకుంటారు? అందుకే వారం వారం ఊరు మారుతూ, పాయింట్ల మీద ఓడిపోవడమే జీవనోపాధిగా బతికే బాక్సర్ల వర్గం ఒకటి అక్కడ తయారైంది. వాళ్లు దొంగలు కారు, నిజానికి పని బాగా తెలిసినవాళ్లు. కానీ ఆ పద్ధతిలో పెరిగిన కుర్రాడి పది వరస విజయాలు అతడి సత్తా గురించి ఏమీ చెప్పవు.

సంక్రాంతికి అశ్వారావుపేట దాటి ఆంధ్ర బరుల దగ్గరికి వెళ్లే మనవాళ్లకు జోడీ కట్టడం అంటే ఏమిటో బాగా తెలుసు. కోడిపందెం నేరం, దాన్ని ఈ పత్రిక ఏనాడూ వెనకేసుకురాదు. కానీ ఆ బరిలో కూడా రెండు పుంజులనూ పక్కపక్కన పెట్టి చూస్తారు, పందెం ఎంతో జనం ముందే చెబుతారు. మనుషులు తలపడే బరికి ఆ మాత్రం వెలుగు లేకపోవడం సిగ్గుచేటు.

ఇదంతా మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. బీజింగ్ ఒలింపిక్ పతక విజేత విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాక ఢిల్లీ, ముంబై స్టేడియాలు నిండాయి. 2021లో గోవాలో క్యాసినో ఓడ మీద రింగు వేశారు. 2022 ఆగస్టులో పక్క రాష్ట్రం రాజధాని రాయ్‌పూర్‌కూ ఆ రింగు వచ్చింది. రేపు ఏ ప్రమోటరో కొత్తగూడెం ప్రకాశం స్టేడియం అద్దెకు అడగొచ్చు. సింగరేణి క్వార్టర్లలోని పిల్లలో, కిన్నెరసాని క్రీడా పాఠశాలలో చదివిన కోయ పిల్లలో మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చు. ఆ కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. దాన్ని చదివి చెప్పే మనిషి ప్రమోటరు మనిషే అయితే ఆ సంతకానికి విలువేముంది?

డబ్బును తిట్టడం మా ఉద్దేశం కాదు. తల పగిలే ఆటకు డబ్బు ఇవ్వాల్సిందే, దండిగా ఇవ్వాల్సిందే. ఉసిక్, ఫ్యూరీలను 2024 మేలో రియాద్ బరిలోకి దింపింది సౌదీ డబ్బే. 2022లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కేటీ టేలర్, అమాండా సెరానో చెరో పది లక్షల డాలర్లకు పైగా అందుకున్నారు, ఆడవాళ్ల బాక్సింగ్‌కు అక్కడ ప్రధాన పోటీ దక్కడం అదే మొదలు. పోనీ, అన్ని జోడీలూ ఒకే సంస్థ కడితే ఈ బేరసారాల గొడవే ఉండదు కదా అంటారు కొందరు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో యూఎఫ్‌సీ చేస్తున్నది అదే. పోటీలు చకచకా జరుగుతాయి, నిజమే. కానీ పోటీదారుల రాబడిని తొక్కిపెట్టిందన్న దావాలో ఆ సంస్థే 37.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. బేరమాడే నోరు మూయిస్తే వాటా ఎటు పోతుందో దీన్నిబట్టే తెలుస్తోంది.

లెక్క దాస్తే ఏమవుతుందో ముహమ్మద్ అలీకి కూడా తెలిసొచ్చింది. 1980 అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో చావుదెబ్బలు తిన్నందుకు రావాల్సిన 80 లక్షల డాలర్లలో సుమారు 12 లక్షలు ప్రమోటరు డాన్ కింగ్ ఎగ్గొట్టాడు. కోర్టుకెక్కిన అలీ, ఆరోగ్యం చెడిన స్థితిలో, 50 వేలు పుచ్చుకుని దావా వదులుకున్నాడు. అమెరికా 2000లో అలీ పేరుతోనే చట్టం తెచ్చింది. పోటీ మీద తనకెంత వస్తోందో ప్రమోటరు బాక్సరుకు చెప్పి తీరాలి. ప్రమోటరే మేనేజరుగా ఉండకూడదు.

ఆ రెండు నిబంధనలూ తెలంగాణకు ఇప్పుడే కావాలి, మొదటి రింగు పడకముందే. నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగమిచ్చి గౌరవించిన ప్రభుత్వానికి ఇది అసాధ్యమైన పనేమీ కాదు. ప్రభుత్వ స్టేడియంలో గానీ, సింగరేణి మైదానంలో గానీ డబ్బులకు బాక్సింగ్ జరిగితే ఇద్దరి పర్సులు, టికెట్ల రాబడి, ప్రమోటరు వాటా ముందుగా రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి, జనానికి కనిపించేలా పెట్టాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి. బాక్సరు తరఫు వకీలు ఖర్చు ప్రమోటరుదే కావాలి. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చుకు బీమా ముందే కట్టాలి. ప్రత్యర్థి గత పోటీల చిట్టా టికెట్ అమ్మే చోటే అంటించాలి. టికెట్లు బాక్సరు నెత్తిన రుద్దడాన్ని పూర్తిగా నిషేధించాలి.

ఇన్ని షరతులు పెడితే ప్రమోటర్లు రారని క్రీడా శాఖలో ఎవరైనా అంటే, రాకపోవడమే మంచిదని ఈ పత్రిక అభిప్రాయం.