తప్పు ఆ పిల్లవాడిది కాదు, మాది



వారం రోజులుగా గ్రూపులో ఒకటే గొడవ. పాలిటెక్నిక్ పిల్లవాడొకడు ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు చెడగొట్టాడనీ, వాడిని ఇక మన రాజపాళయం కంప్యూటర్ గదిలోకి రానివ్వకూడదనీ. ఆ గది చూసుకునేది మేము కనుక, జరిగింది చెప్పాల్సిందీ మేమే.

అక్కడున్నవి దాతలిచ్చిన పాత మెషీన్లు. ఉబుంటు వేశాం. ఇంజనీరింగ్ పిల్లలు రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుకు ప్రోగ్రాములు రాస్తున్నారు. వాళ్లకు ఏఆర్ఎమ్ క్రాస్ కంపైలర్ కావాలి. ఆ పిల్లవాడికి 64 బిట్ మెషీన్ మీద 32 బిట్ ప్రోగ్రాము కంపైల్ చేయాలి. దానికి జీసీసీ-మల్టీలిబ్ కావాలి. ఈ రెండు ప్యాకేజీలకూ పొసగదు. మల్టీలిబ్ వస్తూనే హెడర్ ఫైళ్లుండే ఉమ్మడి ఫోల్డరులో ఇంటెల్ తరహా ఫైళ్లకు ఒక లింకు పెడుతుంది. ఏఆర్ఎమ్ కంపైలర్ కూడా ఆ ఫోల్డరులోనే వెతుకుతుంది కనుక తప్పు ఫైలు చదివే ప్రమాదముంది. అందుకే ఒకటుంటే రెండోది ఉండకూడదని ప్యాకేజీ కట్టినవాళ్లే రాసిపెట్టారు. ఒకే ముహూర్తానికి ఒకే చావడిలో రెండు పెళ్లిళ్లు కుదరవు కదా, అంతే.

పిల్లవాడు ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏపీటీ అడగనే అడిగింది, ఫలానావి తీసేస్తాను సరేనా అని. బారెడు ఇంగ్లీషు జాబితా మధ్యలో. వాడు 'వై' నొక్కాడు. మనలో ఎంతమందిమి అది చదివి నొక్కుతాం? మర్నాడు ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చి కూర్చుంటే కంపైలరే లేదు. రివ్యూకు రెండు రోజులే ఉంది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది, చేసింది మేమే. తొందరలో డీపీకేజీకి ఫోర్స్ ఆప్షన్ ఇచ్చి రెండింటినీ బలవంతంగా ఎక్కించాం. ఆపైన ఏ ప్యాకేజీ అడిగినా ఏపీటీ మొరాయించింది. చివరికి మెషీన్ మొత్తం కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది. నింద మాత్రం పిల్లవాడి మీద పడింది.

ఈ చిక్కు పెద్దలకూ తప్పలేదు. 2000లో రెడ్ హ్యాట్ 7 జీసీసీ 2.96తో వచ్చింది. అలాంటి వెర్షన్ తాము విడుదలే చేయలేదని జీసీసీ కమిటీ ఆ అక్టోబరులో ప్రకటించింది. కెర్నల్ కంపైల్ చేయడానికి రెడ్ హ్యాట్ కేజీసీసీ అని పాత కంపైలర్‌ను వేరే పేరుతో ఇచ్చింది. పొసగని రెండింటికి రెండు చోట్లు చూపించడమే మార్గం, ఒకదాన్ని గెంటేయడం కాదు.

కాబట్టి మా మాట ఇది. ఒక్కో బృందానికి ఒక్కో కంటైనర్ పెడదాం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండనిద్దాం. ఏం వేసినా, ఏం తీసినా పుస్తకంలో రాద్దాం. మన ఊరి మిల్లుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, షిఫ్టు పుస్తకంలో రాయకుండా కౌంటు మారుస్తారా?

ఆ పిల్లవాడు అప్పటినుంచి రావడం లేదు. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. ఈ ఆదివారం మేమే వెళ్లి పిలుస్తాం. గ్రూపులో వాడిని అన్నవాళ్లు కూడా ఒక్క మాట పెడితే బాగుంటుంది.