ఇంటికెన్ని మీటర్లు?

జూబ్లీహిల్స్‌లో పబ్బుల గోల పడలేక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పబ్బుల్లో సంగీతం వినిపించకూడదని 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మంచిదే. నివాస ప్రాంతంలో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలే అంటున్నాయి. నిద్ర కూడా హక్కే.

కానీ ఆ మీటరు పట్టుకుని మా నెల్లూరు రండి. బ్రాందీషాపులో డీజే ఉండదు. షాపు ముందు అడ్డంగా నిలిపిన బైకులు, పగిలిన సీసాలు, పోయే ప్రతి ఆడదాని మీదా ఒక మాట. ఇవేవీ డెసిబెల్స్‌లో కొలిచేవి కావు. సాయంత్రం ట్యూషన్ మానేసిన పిల్ల, కూలి నుంచి తిరిగొస్తూ రెండు వీధులు చుట్టి ఇల్లు చేరే తల్లి ఏ మీటరుకి అందుతారు? బడికి, గుడికి, ఆస్పత్రికి షాపు ఇన్ని మీటర్ల దూరంలో ఉండాలని నిబంధన ఉంది. ఇంటికి లేదు. దేవుడికున్న పాటి దూరం కూడా ఇల్లాలికి అక్కర్లేదన్నమాట!

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకూడదంది. బళ్ళు నడిపేవాళ్ళ ప్రాణాల కోసం. సరే, అక్కడ లేచిన షాపులు ఎక్కడికెళ్ళాయి? మన వీధుల్లోకి. 2017 జూలైలో ఆంధ్రప్రదేశ్ అంతటా ఆడవాళ్ళు షాపుల ముందు బైఠాయించింది అందుకే. రహదారి గురించి ఆలోచించినవాళ్ళకి సందు గుర్తు రాలేదు.

ఇక్కడే మనకో ఉచ్చు ఉంది. పబ్బు అనగానే 'సంస్కృతి' అంటూ ఊడిపడేవాళ్ళున్నారు. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని కొట్టింది ఆ సంస్కృతి పేరుతోనే. 2022 మేలో హైదరాబాదులో ఒక మైనరు బాలిక మీద అత్యాచారం జరిగితే, అసలు ఆ పిల్ల పబ్బుకెందుకెళ్ళిందనే ప్రశ్న ముందు లేచింది. కాలనీ పెద్దల అర్జీల్లో మన గొంతు కలిపే ముందు ఒక్కసారి చదువుకోవాలి. వాళ్ళకి అడ్డొస్తున్నది శబ్దమా, పొట్టి గౌనా? పబ్బు నుంచి రాత్రి పదకొండుకి బయటికొచ్చిన అమ్మాయీ, బ్రాందీషాపు దాటుకుని ఏడింటికి వచ్చే కూలితల్లీ అడుగుతున్నది ఒక్కటే: క్షేమంగా ఇంటికి చేరే దారి.

దూబగుంట ఆడవాళ్ళు సంస్కృతి ఊసెత్తలేదు. అక్షరాస్యతా తరగతుల్లో సీతమ్మ కథ చదివి, 1992లో సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ళు లెక్క చెప్పారు: కూలి ఎంత, ఇంటికొచ్చేది ఎంత, ఒంటిమీద దెబ్బలెన్ని. ఆ లెక్కకి జడిసి 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్ళకే, 1997లో పోయింది. రోశమ్మ 2016లో వెళ్ళిపోయింది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 ప్రైవేటు షాపులు తెరుచుకున్నాయి, 99 రూపాయల క్వార్టరుతో సహా. 2025లో పర్మిట్ రూములు మళ్ళీ వచ్చాయి. ఫీజు కడితే వీధిలోనే కూర్చుని తాగటం చట్టబద్ధం. ఆ ఫీజులో వీధి వాటా ఎంతో ఎవరూ చెప్పరు.

నిషేధం తెమ్మని నేను అడగటం లేదు. దాని గతి చూశాం. అడిగేది వీధి మీద మాట చెల్లే హక్కు. మహారాష్ట్రలో 2008 ఉత్తర్వు ప్రకారం ఊళ్ళోనో వార్డులోనో పాతిక శాతం మహిళా ఓటర్లు అర్జీ పెడితే ఓటింగు పెట్టాలి. మొత్తం మహిళా ఓటర్లలో సగానికి మించి వద్దంటే షాపు మూయాలి. బ్యాలెట్ మీద రెండే బొమ్మలు: నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. సారాని పడగొట్టిన జిల్లాలో ఆ కాగితం అచ్చు వేయటానికి ఎక్సైజు శాఖకి అడ్డేమిటో, వచ్చే లైసెన్సుల లాటరీకి ముందే మన కలెక్టరు గారిని అడగాలి.