గుట్ట పక్కనే ఆట ఉంది, పుస్తకం కావాలి

హైదరాబాద్‌లోని ఖాజాగూడలో ఓ కుర్రాడు ఆటల కంపెనీ పెడతానంటే అమ్మానాన్నలకు ముందు ఫోన్ గేమే గుర్తొస్తుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. 2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. పక్కనే రాయదుర్గంలో అదే పేరుతో ఓ టవర్ తలపెట్టింది. దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు ఎన్నోసార్లు మన హెచ్‌ఐసీసీలోనే జరిగింది. ఇవన్నీ మంచివే. కాకపోతే అన్నీ తెర మీద ఆటల కోసమే. కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు మనుషులు చాలనే ఆట ఒకటుంది. దాన్ని పుస్తకంగా అచ్చేసి అమ్మే చిన్న ప్రచురణకర్త మన భాషకు కావాలి. ఈ వారం నా మాట అదే.

తెలియనివారి కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు లోకాన్ని నడుపుతారు. దారి, వాన, దొంగలు, రాజుగారు అన్నీ ఆయనే. ఆటగాళ్లు ఆయన్ని డీఎం అంటారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఎదురైన చిక్కులో తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వారు చెప్పాలి. ఫలితం తేలనప్పుడు పాచిక వేస్తారు. గెలుపోటములుండవు. కథ ముందుకు సాగడమే ఆట. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్‌లో పిల్లలు నేలమాళిగలో ఆడేది ఇదే. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్, డాన్ కే పెట్టిన బుల్లి సంస్థ టీఎస్ఆర్ దీన్ని బయటికి తెచ్చింది. మొదట వేసినవి 1000 పెట్టెలు. పుస్తకాలను పెట్టెల్లో సర్దే పని కూడా ఇంట్లోనే చేతులతో చేసుకున్నారు. ఈ రంగం పుట్టిందే చిన్న ప్రచురణకర్త చేతుల్లో.

ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం ఖాజాగూడలో ఒక ఫ్లాట్‌లో ఇలాంటి ఆట పక్కన కూర్చుని చూశాను. అందరూ ఐటీ ఉద్యోగులే. పుస్తకం ఇంగ్లీషుది. కథ ఎక్కడో మంచుకొండల నడుమ ఒక సత్రంలో మొదలైంది. దారి తెలిసిన ఒక ముసలామె గుడిసె దగ్గరకొచ్చి కథ ఆగింది. ఒకమ్మాయి ‘ఐ పర్సుయేడ్ హర్’ అంటూ ఇరవై ముఖాల పాచిక వేసింది. ఆరు పడింది. ముసలామె తలుపేసుకుంది. పక్కనున్న కుర్రాడు ఊరుకోలేదు. “ఆగక్కా, నేను మాట్లాడతా” అని డీఎం వైపు తిరిగాడు. “పెద్దమ్మా, పొద్దుగాల నుంచి నడుస్తున్నం. గ్లాసెడు నీళ్లియ్యి. దారి చెప్పకున్నా మంచిదే.” డీఎం ఒక్క క్షణం తడబడి, గొంతు మార్చి అడిగాడు. “ఎవలింటి పిల్లగానివి బిడ్డా నువ్వు?” ఆ తర్వాత చాలాసేపు ఎవరూ పాచిక ముట్టుకోలేదు. కుర్రాడు లేని తల్లిదండ్రుల్ని, లేని ఊరిని అక్కడికక్కడ పుట్టించాడు. ముసలామె తన కొడుకు సంగతి ఎత్తింది. దారితో పాటు ఒక కొత్త కథ బయటపడింది. మొదట పాచిక వేసిన అమ్మాయి కూడా “అవ్వా, నేను తొందరపడ్డ” అని మళ్లీ మాట కలిపింది.

వాళ్ల ముందున్న పుస్తకంలో మనిషి చాతుర్యానికి ఒక అంకె ఉంది. వరసకు మాత్రం చోటు లేదు. మనకు పరాయి ఊళ్లో మొదటి పని వరస కలపడం. బాబాయ్ అంటే నిలబడేవాడు, సార్ అంటే బిగుసుకుపోతాడు. పెళ్లికాని పిల్లను వదినా అని పిలిస్తే ఆ ఊళ్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఏ వరసకు ఏ తలుపు తెరుచుకుంటుంది, తప్పు వరసకు ఎంత మూల్యం చెల్లించాలి, కలిపిన వరస ఆటలో ఎన్నాళ్లు నిలుస్తుంది, ఆపదలో దాన్ని ఎన్నిసార్లు వాడుకోవచ్చు. ఇవన్నీ అరపేజీ నియమంగా రాసుకోవచ్చు. ఆ అరపేజీ రాయగలిగేది ఈ మాటల మధ్య పెరిగినవాడే.

పాచికలూ అంతే. ఇరవై ముఖాల పాచికలు కొనక్కర్లేదు. అష్టాచెమ్మాకీ, వైకుంఠపాళికీ గవ్వలూ చింతపిక్కలూ వాడిన ఇళ్లు మనవి. ఆరు చింతపిక్కలను రాతి మీద ఒకవైపు అరగదీసి వేయండి. తెల్లవైపు పైకి పడినవి లెక్కపెట్టండి. తెలుపూ నలుపూ సమానంగా పడతాయనుకుంటే మొత్తం 64 రకాలుగా పడొచ్చు. అందులో మూడు తెలుపులు వచ్చేవి 20. ఆరూ తెల్లగా వచ్చేది ఒక్కటే. అసలు తెలుపే లేనిది కూడా ఒక్కటే. అరగదీత తేడాల వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే. ఆరు ముఖాల పాచికలో ఏ అంకెకైనా అవకాశం ఒకటే. పిక్కల్లో అలా కాదు. మామూలు ఫలితం మాటిమాటికీ వస్తుంది, అద్భుతం ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు బల్ల చుట్టూ కేకలు లేస్తాయి. కథ నడిచే ఆటకు ఇదే మేలైన పద్ధతని నా అభిప్రాయం.

ఇక కథలంటారా, మనకు కరువేముంది? మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. కాశీకి నడిచి వెళ్లే మణిసిద్ధుడికి తోడుగా ఒక గొల్లపిల్లవాడు బయల్దేరతాడు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లో తిరిగి, తనకు వింతగా తోచినదాన్ని పట్టుకొచ్చి, దీని కథ చెప్పమంటాడు. చెప్పకపోతే వెనక్కి పోతానంటాడు. ఏ కథ నడవాలో తేల్చేది ఆ పిల్లవాడి కుతూహలం. ఒక్కో మజిలీ ఒక్కో రాత్రి ఆట. వారం వారం ఆడేవాళ్లకు ఇంతకంటే తయారైన చట్రం ఎక్కడ దొరుకుతుంది? దీక్షితులుగారు పోయి 90 ఏళ్లు దాటింది. రచయిత మరణానంతరం 60 ఏళ్లనే మన కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ చట్రాన్ని ఎవరైనా వాడుకోవచ్చు.

దాసరి సుబ్రహ్మణ్యంగారి సంగతి వేరు. ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ చదివి పెరిగిన తరానికి ఈ ఆట గురించి ఒక్క మాట కూడా విడమరిచి చెప్పనక్కర్లేదు. మిత్రులిద్దరు, ఒక అడవి, ఒక మాంత్రికుడు, కూలిన కోట, నెలాఖరున ఊపిరి బిగపట్టించే చోట ఆగిపోయే కథ. వాటిపై హక్కులు ఇంకా ఉన్నాయి కాబట్టి పాత్రల్నీ, కథల్నీ తీసుకోవద్దు. ఆ వడినీ, ఆ ఊహనూ మాత్రం నేర్చుకోవాలి.

ఇక్కడే చాలామంది ఉత్సాహవంతులు దారి తప్పుతారు. కొత్త ఆట అనగానే 300 పేజీల నియమ గ్రంథం మొదలెడతారు. అది పూర్తి కాదు. పూర్తయినా ఎవరూ ఆడరు. నా సలహా, ముందు అనుబంధం రాయండి. అంటే, ఉన్న నియమాల మీద ఆడుకునే ఒక కథారంగం. ఒక ఊరు, ఒక పటం, పదిమంది మనుషులు, మూడు చిక్కుముళ్లు. 32 పేజీలు చాలు. 1976లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ అనే ఊళ్లో బాబ్ బ్లెడ్‌సా, బిల్ ఓవెన్ ఇదే పని చేశారు. జడ్జెస్ గిల్డ్ అని పేరు పెట్టుకుని, టీఎస్ఆర్ నోటిమాట అనుమతితో ఒక నగరం పటమూ దాని వివరాలూ అచ్చేశారు. ఎవరి కథ వాళ్లే కల్పించుకునే ఆటలో ఇంకొకరు రాసింది డబ్బిచ్చి ఎవరు కొంటారని టీఎస్ఆర్‌వాళ్లు అనుకున్నారు. కొన్నారు. ఆటగాళ్లు చందాలు కట్టి మరీ విడతలు విడతలుగా తెప్పించుకున్నారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఆడే తీరిక ఉంటుంది గానీ అల్లే తీరిక ఉండదు. చిన్న ప్రచురణకర్త బతికేది ఆ ఖాళీలోనే. 1978 నాటికి టీఎస్ఆర్ కూడా విడి సాహస కథలను అచ్చు వేయడం మొదలుపెట్టింది.

అదే టీఎస్ఆర్ తర్వాత అతి చేసి చెడింది. లోకం వెనుక లోకం, ఒక్కోదానికి పుస్తకాల వరస. ఒక లోకంలో ఆడేవాళ్లు ఇంకో లోకం పుస్తకం కొనరు. దుకాణాల నుంచి తిరిగొచ్చిన సరుకు, దాని మీద అప్పు మెడకు చుట్టుకున్నాయి. 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దాన్ని కొనేసింది. 1999లో ఆ విజార్డ్స్‌ను హాస్‌బ్రో కొంది. తెలుగులో రేపు ఈ పని చేసేవారు ఒక్క ఊరిని గట్టిగా పట్టుకోవాలి. రెండో పుస్తకం కూడా ఆ ఊరి పక్క ఊరే కావాలి.

నియమాలు వాడుకునే హక్కు మాటేమిటని అడుగుతారు. 2023 జనవరిలో విజార్డ్స్ పాత బహిరంగ లైసెన్సును మార్చబోయింది. ప్రపంచమంతటా చిన్న ప్రచురణకర్తలూ ఆటగాళ్లూ తిరగబడ్డారు. ఆ నెల 27న సంస్థ వెనక్కి తగ్గి, ఆట మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, ఎవరైనా అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే వీలు లేదు. తెలుగు ప్రచురణకర్త ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

స్వీడన్‌ను చూడండి. జనాభా కోటి. 1982లోనే అక్కడ స్వీడిష్ భాషలో ‘డ్రాకార్ ఓక్ డెమోనెర్’ వచ్చింది. అమెరికా సంస్థ కేయోసియం నియమాలు తీసుకుని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ అది వాళ్ల సొంతమైంది. 2023లో అదే ఆట ‘డ్రాగన్‌బేన్’ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లింది. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. చదివేవాళ్లు లేరన్న సాకు మనకు చెల్లదు. జపాన్‌లో ఇంకోలా జరిగింది. 1986లో ఒక బృందం తాము ఆడిన ఆటను సంభాషణలుగా రాసి ‘కంప్‌టిక్’ పత్రికలో సీరియల్‌గా వేసింది. దాని నుంచే ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’ నవలలూ యానిమేషనూ పుట్టాయి. తెలుగు వారపత్రికల సంపాదకులు దీని మీద ఆలోచించాలి. మంచి ఆట ఒకటి వారానికి రెండు పేజీలు వేయండి. చదివేవాళ్లలో కొందరైనా ఆడతారు. మలేషియాలో జెడెక్ స్యూ, మున్‌కావ్ ఇద్దరే కలిసి ‘ఎ థౌజండ్ థౌజండ్ ఐలండ్స్’ పేరుతో పల్చటి బొమ్మల పుస్తకాలు వేశారు. ఆగ్నేయాసియా నదులు, మొసళ్లు, వర్తకులు, దెయ్యాలు తప్ప మరో లోకం జోలికి పోలేదు. దూరదేశాల ఆటగాళ్లు వాటిని వెతికి కొన్నారు.

మరి మన పుస్తకంలో ఏ ఊరు? ఖాజాగూడ వాళ్లు కిటికీ తెరిస్తే చాలు. ఫక్రుద్దీన్ గుట్ట కనిపిస్తుంది. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. వాటి మధ్య గుహలు, అనంతపద్మనాభస్వామి గుడి, బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా. 1347లో బహమనీ రాజ్యం స్థాపించిన అలాఉద్దీన్ హసన్‌కు ఈయన గురువని చెబుతారు. కింద చెరువు, చెరువు పక్కన అద్దాల ఆఫీసులు. బండలు పగలగొట్టేవాళ్లకూ కాపాడుకునేవాళ్లకూ మధ్య పేచీ ఇక్కడ పాతదే. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి ఈ రాళ్ల కోసం పోరాడుతోంది. దర్గా ముజావరు, గుడి పూజారి, మేకలు కాసే అవ్వ, రాయి కొట్టే వడ్డెర మేస్త్రి, రాత్రి డ్యూటీ నుంచి వచ్చే టెస్టర్, బిల్డర్ మనిషి. పాత్రలు అప్పుడే ఆరు. ఒక బండ కింద ఏముందో ఒక్కొక్కరికి ఒక్కో కథ తెలుసు. దీనికి డ్రాగన్ కావాలా? గుట్టను పటంగా గీసి, గుహలకు అంకెలు వేసి, ఆరుగురికీ తలా ఒక కోరికా ఒక భయమూ రాస్తే మొదటి పుస్తకం తయారైనట్టే. ఆడిన పిల్లలకు ఆ గుట్ట మీద మమకారం పుడుతుంది. రేపు దాన్ని డైనమైట్ పెట్టి పేల్చబోతే ఆపమనేది వాళ్లే.

డబ్బు మాట. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. విదేశీ చిన్న ప్రచురణకర్తలకు ఆసరాగా ఉన్న కిక్‌స్టార్టర్‌లో భారతీయులు నేరుగా ప్రాజెక్టు పెట్టే వీలు లేదు. లేకపోయినా ఫర్వాలేదు. తెలుగు పత్రికలు, చిన్న ప్రచురణలు ముందస్తు చందాలతోనే బతికాయి. మూడు వందల మంది చందా కడితే 32 పేజీల పుస్తకానికి అచ్చు ఖర్చు, బొమ్మలు గీసినవారికి పారితోషికం వస్తాయి. బొమ్మల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చిత్రకారులు వపా ముఖచిత్రాలూ ‘చిత్ర’ గీతలూ లేని చందమామను ఊహించుకోగలమా? ఇంకొకటి. అచ్చుకు ముందు, రాసినవారు పక్కన లేకుండా వేరే బృందం ఆ పుస్తకాన్ని చదివి ఆడాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ తిరగరాయాలి. ఈ పరీక్ష తప్పించుకున్న పుస్తకం అలమారలోకే పోతుంది.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నిర్వాహకులకు ఒక విన్నపం. మామూలుగా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో అన్ని స్టాళ్లు పెడతారు. ఒక్క మూల బల్ల, ఐదు కుర్చీలు వేయించండి. రోజూ సాయంత్రం అక్కడ తెలుగులో ఈ ఆట జరగనివ్వండి. పిల్లలు చుట్టూ మూగుతారు, పెద్దలు వెనక నిలబడి సలహాలు చెబుతారు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి. ఖాజాగూడలో శనివారాలు ఆడే మిత్రులారా, మీలో రాసేవాళ్లున్నారు, గీసేవాళ్లున్నారు, లెక్కలు తెలిసినవాళ్లున్నారు. మొదలుపెట్టండి. మొదటి చందా నాది.